భాగం - 9: క్రమబద్ధ మ్యాప్‌లలో కీని వెతకడం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• క్రమబద్ధ మ్యాప్ అంటే ఏమిటో, హ్యాష్ మ్యాప్‌తో దానికి గల తేడా ఏమిటో వివరించగలుగుతారు.
• ఒక కీని వెతికేటప్పుడు జరిగే పోలికలను అంచెలంచెలుగా రాసి చూపగలుగుతారు.
• అడిగిన కీ లేనప్పుడు దాని పక్క కీలను రాబట్టే నాలుగు ప్రక్రియలను ఉపయోగించగలుగుతారు.
• పోలిక నియమం తప్పితే జవాబులు ఎలా తప్పుతాయో గుర్తించి సరిదిద్దగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

దోమ మండలానికి చెందిన ఒక అభ్యర్థిని ఉద్యోగానికి దరఖాస్తు చేసిందనుకుందాం. ఆమె దగ్గర రెండు ధ్రువపత్రాలు ఉన్నాయి. 2009లో తీసుకున్న దానిలో జిల్లా పేరు రంగారెడ్డి. 2020లో తీసుకున్న దానిలో వికారాబాద్. ఆమె ఊరు మారలేదు, ఇల్లు మారలేదు. మారినది జిల్లా. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు దోమ మండలం రంగారెడ్డి జిల్లా నుంచి వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది.

ఇప్పుడు దరఖాస్తులను పరిశీలించే ప్రోగ్రామును మీరు రాస్తున్నారు. రెండు పత్రాల్లోని జిల్లా పేర్లను నేరుగా పోల్చి చూస్తే ప్రోగ్రాము "జిల్లా సరిపోలలేదు" అని దరఖాస్తును పక్కన పెడుతుంది. కాని రెండు పత్రాలూ సరైనవే. ప్రోగ్రాము అడగవలసిన ప్రశ్న వేరు: "ఈ పత్రం ఇచ్చిన తేదీన దోమ ఏ జిల్లాలో ఉంది?"

ఈ ప్రశ్నలో ఒక చిక్కు ఉంది. జిల్లాలు మారిన తేదీలు రెండో మూడో మాత్రమే ఉంటాయి. పత్రాల మీద ఉండే తేదీలు వేలకొద్దీ ఉంటాయి. పత్రం మీది తేదీ మన పట్టికలో దాదాపు ఎప్పుడూ ఉండదు. లేని కీని అడిగినా అర్థవంతమైన జవాబు రావాలి. అలాంటి జవాబు ఇవ్వగలది క్రమబద్ధ మ్యాప్. అది జవాబు ఎలా ఇస్తుంది, ఎప్పుడు తప్పు జవాబు ఇస్తుంది అనేవే ఈ భాగంలోని విషయాలు.

9.2 మ్యాప్, క్రమబద్ధ మ్యాప్

కీ, విలువ అనే జతలను దాచే దత్తాంశ నిర్మాణం మ్యాప్. కీని ఇస్తే విలువను తిరిగి ఇస్తుంది. ఒక మ్యాప్‌లో ఒక కీ ఒక్కసారే ఉంటుంది. మ్యాప్‌లలో ముఖ్యమైన రకాలు రెండు.

హ్యాష్ మ్యాప్: కీ నుంచి ఒక సంఖ్యను లెక్కగట్టి, ఆ సంఖ్య చూపిన గదిలో విలువను దాస్తుంది. వెతకడం సగటున చాలా వేగంగా జరుగుతుంది. అయితే కీల మధ్య వరుస అంటూ ఏదీ ఉండదు. "ఈ కీకి ముందున్నది ఏది?" అని అడిగితే మొత్తం కీలన్నీ తిరగెయ్యవలసిందే.

క్రమబద్ధ మ్యాప్: కీలను ఒక పోలిక నియమం ప్రకారం వరుసలో ఉంచుతుంది. జావాలో ట్రీమ్యాప్, సీ ప్లస్ ప్లస్‌లో మ్యాప్ ఈ కోవకు చెందినవి. పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో ఇలాంటి మ్యాప్ లేదు. అక్కడి డిక్షనరీ 3.7 వెర్షన్ నుంచి కీలను చేర్చిన వరుసలో గుర్తుంచుకుంటుంది. కాని చేర్చిన వరుస వేరు, కీల విలువను బట్టి వచ్చే వరుస వేరు. పైథాన్‌లో వరుసలో పెట్టిన జాబితా మీద బైసెక్ట్ మాడ్యూల్‌ను వాడి అదే పని చేసుకుంటారు.

9.3 వెతకడం ఎలా జరుగుతుంది?

వికారాబాద్ జిల్లాలోని 15 మండలాల పేర్లను అక్షర క్రమంలో పెట్టాం:

1. కుల్కచర్ల 2. కొడంగల్ 3. కోట్‌పల్లి 4. తాండూరు 5. దోమ 6. దౌల్తాబాద్ 7. ధారూర్ 8. నవాబుపేట 9. పరిగి 10. పూడూరు 11. పెద్దేముల్ 12. బషీరాబాద్ 13. మర్పల్లి 14. యాలాల 15. వికారాబాద్

"దోమ"ను వెతుకుదాం. ప్రతి అంచెలో మిగిలిన వాటి నడిమి పేరుతో పోలుస్తాం.

మొదటి పోలిక: నడిమిది 8, నవాబుపేట. 'ద' అక్షరం 'న' కంటే ముందు. కాబట్టి 1 నుంచి 7 వరకు చూస్తే చాలు.
రెండవ పోలిక: నడిమిది 4, తాండూరు. 'ద' అక్షరం 'త' తరువాత. 5 నుంచి 7 వరకు మిగిలాయి.
మూడవ పోలిక: నడిమిది 6, దౌల్తాబాద్. మొదటి హల్లు ఒకటే. ఓత్వం ఔత్వం కంటే ముందు. 5 ఒక్కటే మిగిలింది.
నాలుగవ పోలిక: 5, దోమ. దొరికింది.

పదిహేను పేర్లలో దేనినైనా నాలుగు పోలికలలోపే కనుక్కోవచ్చు. ప్రతి పోలికా మిగిలిన వాటిని సగానికి తగ్గిస్తుంది కాబట్టి, 1,000 కీలకు సుమారు 10 పోలికలు, 10,00,000 కీలకు సుమారు 20 పోలికలు సరిపోతాయి. దీనినే లాగ్ ఎన్ కాలం అంటారు.

ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోని "చేవెళ్ల"ను ఇదే పట్టికలో వెతకండి. నవాబుపేట కంటే ముందు, తాండూరు కంటే ముందు, కొడంగల్ తరువాత, కోట్‌పల్లి తరువాత. ఇక చూడటానికి ఏమీ మిగలలేదు. జవాబు "లేదు". అయితే ఈ "లేదు"లో అదనపు సమాచారం ఉంది: చేవెళ్ల ఉండి ఉంటే కోట్‌పల్లికీ తాండూరుకూ మధ్య ఉండేది. హ్యాష్ మ్యాప్ "లేదు" అని ఊరుకుంటుంది. క్రమబద్ధ మ్యాప్ "లేదు, కాని ఉండవలసిన చోటు ఇది" అని చెప్పగలదు.

9.3.1 చెట్టు ఎందుకు?

వరుస జాబితాలో వెతకడం తేలిక, కాని మధ్యలో కొత్త కీని చేర్చాలంటే తరువాతి వాటన్నిటినీ ఒక్కో స్థానం జరపాలి. అందుకే క్రమబద్ధ మ్యాప్‌లను సాధారణంగా ద్విశాఖా అన్వేషణ చెట్టుగా నిర్మిస్తారు. ప్రతి నోడ్‌కు ఎడమవైపు చిన్న కీలు, కుడివైపు పెద్ద కీలు ఉంటాయి.

ఒక జాగ్రత్త అవసరం. తేదీల వంటి కీలు వరుసగా పెరుగుతూ వస్తే మామూలు చెట్టులో ప్రతి కొత్త కీ కుడివైపుకే చేరి చెట్టు గొలుసుగా మారిపోతుంది. అప్పుడు వెతకడమంటే మొదటి నుంచి చివరి దాకా నడవడమే. చెట్టును సమతుల్యంగా ఉంచే పద్ధతుల్లో మొదటిది 1962లో వచ్చిన ఏవీఎల్ చెట్టు. 1972లో రుడాల్ఫ్ బేయర్ ప్రతిపాదించిన నిర్మాణాన్ని 1978లో గిబాస్, సెడ్జ్‌విక్ అనే శాస్త్రవేత్తలు ఎరుపు-నలుపు చెట్టుగా రూపొందించారు. జావా ట్రీమ్యాప్ ఎరుపు-నలుపు చెట్టే. దీనిలో పోలికలు ఎంత అననుకూల స్థితిలోనైనా లాగ్ ఎన్‌కు సుమారు రెండు రెట్లకు మించవు.

9.4 లేని కీని అడగడం: నాలుగు ప్రక్రియలు

దోమకు సంబంధించిన మ్యాప్‌ను ఇలా తయారుచేద్దాం. కీ అంటే ఆ స్థితి మొదలైన తేదీ. తేదీని సంవత్సరం-నెల-రోజు వరుసలో రాశాం.

1978-08-15 → రంగారెడ్డి జిల్లా, ఆంధ్రప్రదేశ్
2014-06-02 → రంగారెడ్డి జిల్లా, తెలంగాణ
2016-10-11 → వికారాబాద్ జిల్లా, తెలంగాణ

మొదటి కీ, హైదరాబాద్ జిల్లా నుంచి విడివడి, తరువాత రంగారెడ్డి జిల్లాగా పేరు స్థిరపడిన జిల్లా ఏర్పడిన తేదీ. రెండవది తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తేదీ. మూడవది వికారాబాద్ జిల్లా ఏర్పడిన తేదీ.

జావాలో 6వ వెర్షన్ నుంచి నావిగబుల్ మ్యాప్ అనే ఇంటర్‌ఫేస్ కింద ఈ నాలుగు ప్రక్రియలు లభిస్తున్నాయి:

ఫ్లోర్: అడిగిన కీ, లేదా దానికంటే చిన్నవాటిలో పెద్దది.
సీలింగ్: అడిగిన కీ, లేదా దానికంటే పెద్దవాటిలో చిన్నది.
లోయర్: అడిగిన కీ కంటే కచ్చితంగా చిన్నవాటిలో పెద్దది.
హయ్యర్: అడిగిన కీ కంటే కచ్చితంగా పెద్దవాటిలో చిన్నది.

"ఆ తేదీన ఏ స్థితి అమలులో ఉంది?" అనే ప్రశ్నకు జవాబు ఫ్లోర్. దాని అల్గారిథమ్ ఇది:

1. ఉత్తమం = ఏదీ లేదు. నోడ్ = చెట్టు వేరు.
2. నోడ్ ఉన్నంతవరకు:
(అ) అడిగిన కీ నోడ్ కీకి సమానమైతే, ఈ నోడే జవాబు. ఆగు.
(ఆ) అడిగిన కీ చిన్నదైతే, ఎడమవైపు వెళ్లు.
(ఇ) అడిగిన కీ పెద్దదైతే, ఉత్తమం = ఈ నోడ్. కుడివైపు వెళ్లు.
3. ఉత్తమాన్ని జవాబుగా ఇవ్వు.

2020-06-20 తేదీతో నడిపి చూద్దాం. వేరు 2014-06-02. అడిగినది పెద్దది, కాబట్టి ఉత్తమం 2014-06-02, కుడికి వెళ్లాలి. అక్కడ 2016-10-11. అడిగినది ఇంకా పెద్దది, ఉత్తమం 2016-10-11. కుడివైపు ఏమీ లేదు. జవాబు: వికారాబాద్ జిల్లా, తెలంగాణ.

2009-07-05 తేదీకి వేరు కంటే చిన్నది, ఎడమకు వెళ్లాలి. అక్కడ 1978-08-15 కంటే పెద్దది. జవాబు: రంగారెడ్డి జిల్లా, ఆంధ్రప్రదేశ్. మన అభ్యర్థిని పత్రాలు రెండూ సరిపోయాయి.

రెండు సరిహద్దులను ప్రత్యేకంగా గమనించండి. సరిగ్గా 2016-10-11న ఇచ్చిన పత్రానికి ఫ్లోర్ వికారాబాద్ అంటుంది, లోయర్ రంగారెడ్డి అంటుంది. కొత్త జిల్లా ఆ రోజు నుంచే అమలులోకి వచ్చింది కాబట్టి ఫ్లోర్ సరైనది. ఇక 1970లో ఇచ్చిన పత్రాన్ని అడిగితే ఫ్లోర్ "ఏదీ లేదు" అంటుంది. అంటే అంత వెనుకటి సమాచారం మన పట్టికలో లేదని. ప్రోగ్రాము దీనిని "పత్రం తప్పు" అని చదవకూడదు, మనిషి పరిశీలనకు పంపాలి.

సీ ప్లస్ ప్లస్‌లో ఫ్లోర్ నేరుగా లేదు. అప్పర్ బౌండ్‌తో అడిగిన కీ కంటే పెద్దదైన మొదటి స్థానాన్ని పట్టుకుని, అది మ్యాప్ ఆరంభం కాకపోతే ఒక అడుగు వెనక్కి వేయాలి. పైథాన్‌లో బైసెక్ట్ రైట్ ఇచ్చిన స్థానం నుంచి ఒకటి తీసివేయాలి. స్థానం సున్నా అయితే ముందుగానే పరీక్షించండి. లేకపోతే మైనస్ ఒకటవ స్థానం అంటే పైథాన్‌లో జాబితా చివరిది. 1970 నాటి పత్రానికి వికారాబాద్ అనే జవాబు వస్తుంది!

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. పై మ్యాప్‌లో 2015-03-10కి ఫ్లోర్, సీలింగ్ విలువలు రాయండి.
2. మండలాల పట్టికలో "పరిగి"ని వెతకడానికి జరిగే పోలికలు రాయండి.

9.5 క్రమం తప్పితే ఏమవుతుంది?

9.5.1 తేదీని అక్షరాలుగా పోల్చడం

మనం రోజువారీగా తేదీని రోజు-నెల-సంవత్సరం వరుసలో రాస్తాం. అదే రూపాన్ని స్ట్రింగ్‌గా కీలో పెడితే మ్యాప్ ఎడమ నుంచి అక్షరం తరువాత అక్షరం పోలుస్తుంది. అప్పుడు మన మూడు కీల వరుస ఇలా మారుతుంది:

02-06-2014
11-10-2016
15-08-1978

1978 అన్నిటికంటే చివరికి పోయింది. ఇప్పుడు ఫ్లోర్ అడగండి.

"20-06-2020" → 15-08-1978 → రంగారెడ్డి జిల్లా, ఆంధ్రప్రదేశ్. తప్పు.
"05-07-2009" → 02-06-2014 → రంగారెడ్డి జిల్లా, తెలంగాణ. 2009లో తెలంగాణ రాష్ట్రమే ఏర్పడలేదు.
"01-01-2017" → ఏదీ లేదు. ఇదీ తప్పే.

ఎక్కడా దోష సందేశం రాలేదు. పైగా "11-10-2016" అని ఉన్న కీనే అడిగితే సరైన విలువ వస్తుంది. పరీక్షించేటప్పుడు పట్టికలో ఉన్న కీలనే అడిగిన ప్రోగ్రామర్‌కు ఈ తప్పు కనిపించదు.

దీని నుంచి ఒక ముఖ్య సూత్రం గ్రహించాలి. ఉన్న కీని వెతకడానికి ఏ క్రమమైనా సరిపోతుంది, పెట్టేటప్పుడూ వెతికేటప్పుడూ అదే క్రమం ఉంటే చాలు. పక్క కీని అడగాలంటే మాత్రం ఆ క్రమం మన ప్రశ్నకు అర్థమున్న క్రమం కావాలి. తేదీలకు ఆ క్రమం కాలక్రమం. కాబట్టి కీగా తేదీ రకాన్నే వాడండి. స్ట్రింగ్ తప్పనిసరి అయితే నాలుగు అంకెల సంవత్సరం, రెండు అంకెల నెల, రెండు అంకెల రోజు వరుసలో రాయండి. ఆ రూపంలో అక్షర క్రమం, కాలక్రమం ఒకటే అవుతాయి.

సంఖ్యలకూ ఇదే వర్తిస్తుంది. సర్వే నంబర్లను స్ట్రింగ్‌లుగా పెడితే "10" అనేది "9" కంటే ముందు వస్తుంది. "45" నుంచి "60" వరకు ఉన్నవి ఇమ్మంటే "5", "457" కూడా వాటిలో చేరిపోతాయి.

తెలుగు పేర్లకూ ఒక మెలిక ఉంది. యూనికోడ్ సంకేతాల వరుసలో 'ళ' అక్షరం 'ల' తరువాత, 'వ'కు ముందు ఉంటుంది. బడిలో నేర్చుకున్న వర్ణమాలలో 'ళ' అక్షరం 'హ' తరువాత వస్తుంది. పేర్ల జాబితాను మనుషులు చదివేందుకు వరుస పెట్టేటప్పుడు సంకేతాల పోలికకు బదులు భాషను ఎరిగిన పోలికను వాడాలి. జావాలో దీనికి కొలేటర్ అనే తరగతి ఉంది.

9.5.2 వేరువేరు కీలను సమానమని చెప్పే పోలిక

తెలంగాణ భూమి రికార్డుల్లో సర్వే నంబరును విభజించినప్పుడు 45/అ, 45/ఆ, 45/ఇ అని ఉపసంఖ్యలు రావడం మీకు తెలిసినదే. "10" ముందా "9" ముందా అన్న చిక్కును తప్పించడానికి ఒక విద్యార్థి గీతకు ముందున్న సంఖ్యను మాత్రమే పోల్చే నియమం రాశాడనుకుందాం. వరుస చక్కగా కుదిరింది. ఇప్పుడు మ్యాప్‌లో 45/అ కింద ఒక రైతు పేరు, 45/ఆ కింద ఆయన తమ్ముడి పేరు చేర్చాడు.

ట్రీమ్యాప్ రెండు కీలు ఒకటేనా అన్నది పోలిక నియమాన్నే అడిగి తెలుసుకుంటుంది. పోలిక ఫలితం సున్నా అయితే ఆ రెండూ దానికి ఒకే కీ. కాబట్టి రెండవసారి కొత్త నోడ్ ఏర్పడదు. పాత కీ అలాగే ఉండి, దాని విలువ మాత్రం మారిపోతుంది. ఇకమీదట 45/అ ఎవరిదని అడిగితే తమ్ముడి పేరు వస్తుంది. అన్న పేరు మ్యాప్‌లో ఎక్కడా ఉండదు. ఇక్కడా దోష సందేశం లేదు. ఒకటే ఆనవాలు: పుట్ ప్రక్రియ తిరిగి ఇచ్చే పాత విలువ. కొత్త కీని చేరుస్తున్నామనుకున్నప్పుడు పాత విలువ తిరిగి వచ్చిందంటే, దేనినో తుడిచేశామని అర్థం.

సరైన నియమం: ముందు సంఖ్యలను సంఖ్యలుగా పోల్చాలి. అవి సమానమైతేనే ఉపసంఖ్యలను పోల్చాలి. అన్ని భాగాలూ ఒకటైతేనే సున్నా రావాలి.

9.5.3 మరి రెండు జాగ్రత్తలు

(అ) మ్యాప్‌లో ఉన్న కీని మార్చకూడదు. కీలోని విలువ మారినా నోడ్ పాత చోటే ఉంటుంది. అన్వేషణ కొత్త చోటికి వెళ్లి "లేదు" అంటుంది. కీ మారాలంటే తీసివేసి మళ్లీ చేర్చాలి.

(ఆ) సీ ప్లస్ ప్లస్‌లో చదరపు కుండలీకరణాలతో లేని కీని అడిగితే, మ్యాప్ ఆ కీని ఖాళీ విలువతో కొత్తగా చేరుస్తుంది. కేవలం చూడటానికి ఫైండ్ వాడాలి. మన తేదీల మ్యాప్‌లో ఇలా ఒక ఖాళీ కీ చేరితే, తరువాతి ఫ్లోర్ జవాబులూ చెడిపోతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
3. రోజు-నెల-సంవత్సరం రూపంలోని స్ట్రింగ్ కీలలో "12-10-1990"కి ఫ్లోర్ ఏది? అది సరైనదేనా?
4. పోలిక నియమం సున్నా ఇస్తే ట్రీమ్యాప్ ఏమి చేస్తుంది?

9.6 ఏ మ్యాప్ ఎప్పుడు?

కచ్చితమైన కీతో మాత్రమే వెతికే చోట, ఉదాహరణకు దరఖాస్తు సంఖ్యతో దరఖాస్తును తీసేటప్పుడు, హ్యాష్ మ్యాప్ చాలు. "ఈ తేదీన అమలులో ఉన్నది", "ఈ రెండింటి మధ్య ఉన్నవి", "దీని తరువాతిది" అనే ప్రశ్నలు వచ్చే చోట క్రమబద్ధ మ్యాప్ కావాలి.

9.7 సారాంశం

క్రమబద్ధ మ్యాప్ కీలను ఒక పోలిక నియమం ప్రకారం వరుసలో ఉంచి, లాగ్ ఎన్ కాలంలో వెతుకుతుంది. అడిగిన కీ లేకపోయినా దాని పక్క కీలను ఇవ్వగలదు. దోమ మండలం జిల్లాల ఉదాహరణలో ఫ్లోర్ ప్రక్రియ పట్టికలోని మొదటి తేదీ నుంచి ఇచ్చిన ఏ పత్రానికైనా సరైన జిల్లాను చెప్పింది. అదే మ్యాప్ తేదీలను అక్షరాలుగా పోల్చినప్పుడు మౌనంగా తప్పు చెప్పింది. పోలిక నియమమే కీల వరుసనూ, కీల సమానత్వాన్నీ నిర్ణయిస్తుంది. అందువల్ల మ్యాప్‌ను పరీక్షించేటప్పుడు ఉన్న కీలతో పాటు, లేని కీలను, సరిహద్దు కీలను, మొదటి కీకి ముందున్న వాటిని తప్పక అడిగి చూడాలి.

9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి - సమాధానాలు

1. ఫ్లోర్: 2014-06-02, రంగారెడ్డి జిల్లా, తెలంగాణ. సీలింగ్: 2016-10-11, వికారాబాద్ జిల్లా, తెలంగాణ.
2. నవాబుపేట (తరువాత), బషీరాబాద్ (ముందు), పూడూరు (ముందు), పరిగి (దొరికింది). నాలుగు పోలికలు.
3. "11-10-2016". సరైనది కాదు. 1990లో వికారాబాద్ జిల్లా లేదు. రావలసినది 1978 నాటి కీ.
4. రెండింటినీ ఒకే కీగా భావించి, పాత కీని ఉంచి విలువను మాత్రం మారుస్తుంది.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్రమబద్ధ మ్యాప్‌లో ఫ్లోర్ అల్గారిథమ్‌ను సొంత ఉదాహరణతో వివరించండి.
2. పోలిక నియమంలోని లోపాల వల్ల వచ్చే తప్పులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హ్యాష్ మ్యాప్, క్రమబద్ధ మ్యాప్‌ల మధ్య భేదాలు రాయండి.
2. సమతుల్య చెట్టు అవసరం ఏమిటి?
3. మీ కుటుంబంలోని పాత పత్రాలపై ఉన్న తేదీలు, జిల్లాల పేర్లు చూసి, మీ ఊరికి 9.4లోని మ్యాప్ వంటిదానిని తయారుచేయండి. దానిని పరీక్షించడానికి ఐదు తేదీలను ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో రాయండి.